పొద్దుగూకక ముందే

(సికింద్రాబాద్‌లో ఒక సంఘం జరుపుకున్న కుటుంబ కూడికలో సంఘ సభ్యుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

మన పాస్టర్ అయ్యగారు నన్ను పిలిచి, ‘వాక్యాన్ని రోజువారీ బతుకులో ఎలా పాటించాలో నువ్వు మాట్లాడు’ అన్నప్పుడు నేను వద్దన్నాను. నేను బైబిల్ కాలేజీలో చదువుకున్నవాణ్ణి కాదు. ఇరవై ఏడేళ్లుగా కట్టడం పనిలో ఉన్నాను. మొదట ఒక పెద్ద మేస్త్రీ దగ్గర కూలి లెక్కలు రాశాను. తర్వాత చిన్న చిన్న ఇళ్లు ఒప్పుకున్నాను. ఇప్పుడు నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు కడుతున్నాను. నాకు తెలిసింది పునాది, గోడ, స్లాబ్, శనివారం కూలి. ఆ మాటే చెబితే, ‘అవే చెప్పు’ అన్నారు అయ్యగారు. కాబట్టి అవే చెబుతాను.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 22వ వచనం. సండే స్కూల్లో కంఠతా పట్టినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. “మీరు వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ, వాక్యప్రకారము ప్రవర్తించువారునైయుండుడి.” మొత్తం 108 వచనాలున్న చిన్న పత్రిక ఇది. ఇలా చేయండి, అలా చేయకండి అన్న మాటలే అందులో యాభై దాకా ఉంటాయి. చదువుతుంటే సైట్ మీద పెద్ద మేస్త్రీ మాట్లాడినట్టే ఉంటుంది. చుట్టూ తిప్పి చెప్పడు.

ఈ వచనంలో నేను చాలా ఏళ్లు పట్టించుకోని మాట ఒకటుంది. “మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ.” విని చేయనివాడు ఎవర్ని మోసం చేస్తున్నాడు? పక్కవాణ్ణి కాదు, సంఘాన్నీ కాదు, తనను తానే. ఎలాగంటే, మంచి ప్రసంగం విన్నప్పుడు మనకు కన్నీళ్లు వస్తాయి, గుండె కరుగుతుంది, ‘ఆమేన్’ అంటాం. ఇంటికి వెళ్లేసరికి ఆ పని చేసేసినట్టే మనసుకు అనిపిస్తుంది. క్షమించడం గురించి విని ఏడ్చినవాడికి క్షమించేసినట్టే ఉంటుంది. ఫ్లాట్ కొనేవాళ్లలో దీన్ని రోజూ చూస్తాను. గోడకు అంటించిన రంగుల బొమ్మ చూసి, సోఫా ఎక్కడ వేసుకోవాలో, దేవుని వాక్యం పటం ఎక్కడ తగిలించుకోవాలో మాట్లాడుకుంటుంటారు. అక్కడ ఇంకా గొయ్యి కూడా తవ్వి ఉండం. బొమ్మ చూసిన సంతోషం నిజమైనదే. ఇల్లు మాత్రం లేదు.

ఇల్లంటే గుర్తొచ్చింది. మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన రెండిళ్ల కథ మీ అందరికీ తెలుసు. బండ మీద ఇల్లు, ఇసుక మీద ఇల్లు. బండ మీద కట్టుకున్నవాడు విశ్వాసి, ఇసుక మీద కట్టుకున్నవాడు అవిశ్వాసి అని చిన్నప్పటి నుంచి నేను అనుకునేవాణ్ణి. వాక్యం మళ్లీ చూడండి. ఇద్దరూ విన్నవాళ్లే! “ఈ నా మాటలు విని” అని ఇద్దరి గురించీ ఉంది. ఇద్దరూ ఒకే కూడికలో, ఒకే వరసలో కూర్చున్నవాళ్లు అనుకోవచ్చు. ఒకడు విన్నది చేశాడు, ఇంకొకడు చేయలేదు. తేడా అంతే. వాన ఇద్దరి మీదా కురిసింది. వరద ఇద్దరి ఇళ్లకూ వచ్చింది. వాక్యం పాటించేవాడి ఇంటి మీద వాన పడదని ప్రభువు ఎక్కడా మాట ఇవ్వలేదు.

లూకా ఇదే కథ చెబుతూ ఇంకో మాట చేర్చాడు. “లోతుగా త్రవ్వి, బండమీద పునాది వేసి” అన్నాడు. ఇది కట్టేవాడి మాట. ప్రభువు పెరిగింది వడ్లవాడి ఇంట్లో. గ్రీకులో ఆ పనికి వాడిన తెక్తోన్ అనే మాట కట్టడం పని చేసేవాళ్లకు కూడా వర్తిస్తుందని చదివాను. చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆయన చేతులు మా చేతుల్లాగే కాయలు కాచి ఉంటాయి కదా!

ఆ దేశంలో వాగులు ఎండాకాలం పొడిగా ఉంటాయి. చదునుగా, మెత్తగా, ఇసుక పరిచి ఇల్లు కట్టుకోమని పిలుస్తున్నట్టే ఉంటాయి. గట్టి బండ దొరికే దాకా తవ్వడం ఎవరికి బాగుంటుంది? మన హైదరాబాద్‌లో బండకు కొదవ లేదు. ఈ నేల కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలంటారు. మౌలాలి గుట్ట చూడండి, గోల్కొండ చూడండి. బండ తగిలిన సైట్‌లో కంప్రెసర్ పెట్టి వారాల తరబడి కొట్టిస్తాం. దుమ్ము, చప్పుడు, పక్కింటివాళ్లతో గొడవ, రోజూ డబ్బు ఖర్చు. ఇంత చేసినా పైకి ఏమీ కనిపించదు. అదే పాత చెరువు జాగాలో అయితే నల్లమట్టి, తవ్వడం తేలిక, రెండు రోజుల్లో ఫుటింగ్‌లు వేసేయొచ్చు. ఎండాకాలంలో ఆ రెండిళ్లకూ గృహప్రవేశం అయితే ఏది ఏ నేల మీద నిలబడిందో మీరు చెప్పలేరు. చెరువు జాగాలో కట్టిన ఇంట్లోనే టైల్స్ ఇంకా బాగుండొచ్చు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఈ నగరంలో వేలమంది కొట్టుకుపోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇంత జరిగిన ఊళ్లోనే మళ్లీ చెరువుల్లో ప్లాట్లు వేశారు, జనం కొన్నారు. 2020 అక్టోబర్‌లో ఆ వాన పడిన రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లారి నాకు తెలిసిన ఒకాయన ఇంటికి వెళ్లాను. నడుం లోతు నీళ్లలో ఫ్రిజ్ తేలుతోంది. ఆయన మెట్ల మీద కూర్చుని ఒకే మాట పదే పదే అన్నాడు, ‘కొనేటప్పుడు ఇక్కడ చుక్క నీరు లేదన్నా’ అని. ఆయన చెప్పింది నిజమే. కొనేటప్పుడు ఉండదు.

మరి ‘లోతుగా తవ్వడం’ అంటే ఏమిటి? చాలామంది దీన్ని ప్రార్థన అంటారు, ఉపవాసం అంటారు. వాటిని నేను తక్కువ చేయడం లేదు. నా వరకు అది ఒక శనివారం సాయంత్రం కూలి దగ్గర అర్థమైంది. అది నా తప్పు గురించిన కథ. చెప్పడం కష్టంగానే ఉంది, అయినా చెబుతాను.

పదకొండేళ్ల కిందటి మాట. ఉప్పల్ వైపు ఒక సైట్ నడుస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన ఆడకూలి ఒకామె ఇటుకలు మోసేది. రోజుకు 250 చొప్పున ఆరు రోజులకు 1500 రూపాయలు ఆమెకు రావాలి. ఆ శనివారం నా దగ్గర డబ్బు తక్కువపడింది. ఫ్లాట్ కొన్నాయన ఇస్తానన్న వాయిదా ఇవ్వలేదు. జేబులో మాత్రం ఐదు వేలున్నాయి. అవి మందిరం నిర్మాణ నిధికి ఇస్తానని నేను సంఘంలో అందరి ముందూ చెప్పిన ఐదు వేలు. మేస్త్రీలకు, సెంట్రింగ్ వాళ్లకు ఉన్నంతలో సర్దాను. కూలీలను సోమవారం రమ్మన్నాను. అందరూ వెళ్లిపోయారు, ఆమె వెళ్లలేదు. ఇసుక కుప్ప పక్కన నిలబడింది. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి చేతిలో నలుపుతోంది. ‘సారూ, పోరనికి జరమొచ్చిందంట. ఇయ్యాల ఊరికి పోవాలె’ అంది. నేను ఫోన్ చూసుకుంటూ, ‘సోమవారం అన్నాను కదమ్మా’ అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

మర్నాడు మందిరంలో ఆ ఐదు వేలు కవర్‌లో పెట్టి కానుక సంచిలో వేశాను. మనసులో ఎంతో తృప్తి. ఆ రోజు పాఠం లేవీయకాండం 19వ అధ్యాయం. అయ్యగారు చదువుతున్నారు. “కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు.” ఆ వచనం అంతకు ముందు నేను చదివి ఉంటాను. బైబిల్ మూడుసార్లు మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేసినవాణ్ణి. కానీ ఆ రోజు ఆ మాట వినబడగానే ఇసుక కుప్ప, ఆ నలిగిన గుడ్డ కళ్ల ముందుకొచ్చాయి. ప్రసంగం అయిపోయే దాకా తల ఎత్తలేకపోయాను.

ఇంటికి వెళ్లి ఆ అధ్యాయం మొత్తం మళ్లీ చదివాను. మీరూ ఈ రోజు చదవండి. “మీరు పరిశుద్ధులై యుండవలెను” అని మొదలవుతుంది. పరిశుద్ధత అనగానే మనకు తెల్లబట్టలు, మోకాళ్ల ప్రార్థన గుర్తొస్తాయి. ఆ అధ్యాయంలో పరిశుద్ధత ఎక్కడెక్కడ ఉందో చూడండి. చేను కోసేటప్పుడు పేదల కోసం అంచులు వదిలేయడంలో ఉంది, కూలి ఆపకపోవడంలో ఉంది, చెవిటివాణ్ణి తిట్టకపోవడంలో ఉంది, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకపోవడంలో ఉంది, త్రాసులో, కొలపాత్రలో ఉంది. “నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను” అన్న మాట, ప్రభువు రెండో ముఖ్యమైన ఆజ్ఞ అని ఎత్తి చెప్పిన మాట, ఈ అధ్యాయంలోనే 18వ వచనంలో ఉంది. కూలి మాట 13లో ఉంది. మధ్యలో ఉన్నవి నాలుగు వచనాలే. మనం ఆ రెండింటి మధ్య ఎంత దూరం పెట్టుకున్నామో ఆలోచించాను.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంకా వివరంగా చెబుతుంది. ఏనాటి కూలి ఆనాడే ఇవ్వాలి, పొద్దుగూకక ముందే ఇవ్వాలి అంటుంది. ఎందుకో కూడా అక్కడే ఉంది. వాడు బీదవాడు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని ఉంటాడు. ఇది రాయించినవాడికి కూలివాడి ఇల్లు తెలుసు. సాయంత్రం ఆ డబ్బుతోనే బియ్యం కొనాలని, ఆ రాత్రే పొయ్యి వెలగాలని తెలుసు. యాకోబు దాన్నే తీసుకుని, ధనవంతులు బిగపట్టిన కూలి మొర పెడుతోందన్నాడు. కూలివాడు నోరెత్తకపోయినా కూలి అరుస్తోందట. నా జేబులో ఉన్న ఐదు వేలు మందిరం దాకా అరుచుకుంటూ వచ్చాయన్నమాట. నేనొక్కణ్ణే వినలేదు.

సోమవారం ఆమె పనికి రాలేదు. బుధవారం వచ్చింది. కూలీలు పని కోసం నిలబడే అడ్డా దగ్గర టీ కొట్టు నడిపే మనిషి దగ్గర శనివారం రాత్రి 500 అప్పు తీసుకుని, 50 వడ్డీకి ఒప్పుకుని ఊరికి వెళ్లిందట. బాబుకు తగ్గింది, దేవునికి స్తోత్రం. 1500 ఇచ్చాను. వడ్డీ ఇవ్వాలా వద్దా అని లెక్కలేసుకున్నాను. సువార్తలో పన్ను వసూలు చేసే జక్కయ్య గుర్తొచ్చాడు. అన్యాయంగా తీసుకున్నదానికి “నాలుగంతలు మరల చెల్లింతును” అన్నాడు ఆయన. 50కి నాలుగంతలు 200. అది కూడా కలిపి ఇచ్చి, ‘తప్పు నాది, క్షమించమ్మా’ అన్నాను. ఆమె ఏమీ అనలేదు. నోట్లు తీసుకుని నా ముందే రెండుసార్లు లెక్కపెట్టుకుంది. తర్వాత, ‘ఇగనుంచి ఏ రోజు కూలి ఆ రోజే ఇయ్యి సారూ’ అంది. నా దగ్గర ఆమె రెండేళ్లు పని చేసింది. ఆ రెండేళ్లూ ఒక్క రోజు కూడా శనివారం దాకా ఆగలేదు. క్షమాపణ అడిగాను కదా, ఇక అంతా సరిపోయింది అనుకోవడానికి లేదు. పోయిన నమ్మకం ఒక్క మాటతో తిరిగి రాదు, రావాలని అడిగే హక్కు కూడా మనకు లేదు.

అప్పటి నుంచి నేను చేస్తున్నది ఒకటే. వారం కూలి డబ్బు పక్కన పెట్టకుండా ఆ వారం పని మొదలుపెట్టను. గోపురం కట్టాలనుకున్నవాడు కూర్చుని ముందు “తగులుబడి” లెక్క చూసుకోడా అని ప్రభువు లూకా 14లో అడిగాడు. దాన్ని నేను ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను. వాయిదాలు ఆగితే పని ఆగుతుంది, కూలి మాత్రం ఆగదు. దీనివల్ల కొన్ని కట్టడాలు ఆలస్యమయ్యాయి, రెండు ఒప్పందాలు చేజారాయి. పాటిస్తే లాభం వస్తుందని నేను చెప్పను. నాకు రాలేదు. నిద్ర మాత్రం పడుతోంది.

ఇంకో మాట. మా వృత్తిలో అందరికీ తెలిసిన అన్యాయం ఒకటుంది, ఎవరూ దాన్ని అన్యాయం అనుకోరు. ఒకే ఇసుక జల్లెడ పడతారు, ఒకే ఇటుకలు మోస్తారు. మగ కూలికి ఒక రేటు, ఆడ కూలికి తక్కువ రేటు. ఒకే పనికి సమాన వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. బైబిల్లో అంతకంటే చాలా ముందే ఉంది. హెచ్చుతగ్గులున్న తూనికె రాళ్లు నీ సంచిలో పెట్టుకోకూడదు అంటుంది ద్వితీయోపదేశకాండం. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి. నా సంచిలోనూ రెండు రాళ్లున్నాయని తెలుసుకోవడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. ఇప్పుడు మా సైట్‌లో ఒకే పనికి ఒకే కూలి. తోటి కాంట్రాక్టర్లు వచ్చి, ‘అడ్డా మీద రేటు పాడు చేస్తున్నావు’ అని గొడవ పెట్టుకున్నారు. పెట్టుకోనివ్వండి.

అడ్డా అన్నాను. మత్తయి 20లో ద్రాక్షతోట కూలీల కథ చదివినప్పుడల్లా నాకు కూకట్‌పల్లి అడ్డా కనిపిస్తుంది. తెల్లవారగానే యజమాని వెళ్లి కూలీలను తెచ్చుకుంటాడు. మళ్లీ తొమ్మిదింటికి వెళ్తాడు, పన్నెండింటికి, మూడింటికి, చివరికి సాయంత్రం ఐదింటికి కూడా వెళ్తాడు. అక్కడ ఇంకా కొందరు నిలబడి ఉంటారు. ఎందుకు ఊరికే ఉన్నారంటే, ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదంటారు. పది గంటల తర్వాత అడ్డా మీద మిగిలిపోయేవాళ్లెవరో మీరు ఎప్పుడైనా చూశారా? ముసలివాళ్లు, బక్కగా ఉన్నవాళ్లు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లులు. వాళ్లకు కూడా పొయ్యి వెలగాలి. ఆ యజమాని వాళ్లకు పూర్తి దేనారం, అంటే పూర్తి రోజు కూలి ఇచ్చాడు. అదీ సాయంత్రం కాగానే ఇచ్చాడు. చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టి ఇమ్మన్నాడు. ఇది దేవుని కృప గురించిన కథే, కాదనను. కానీ కృప ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రభువు కూలి ఇచ్చే సాయంత్రాన్ని ఎంచుకున్నాడు.

మన మెదక్ చర్చి గురించి మీకు చెప్పనక్కర్లేదు. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో జనానికి పని చూపించి అన్నం పెట్టాలని మిషనరీ పాస్నెట్ దొర ఆ కట్టడం చేపట్టాడని మెదక్ వైపు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అక్కడికి వెళ్లినప్పుడు అందరూ గోపురం వైపు, రంగు అద్దాల వైపు చూస్తారు. నేను రాళ్ల వరసలు చూస్తాను. ఆ రాయి మోసినవాళ్ల ఇంట్లో ఆ రాత్రి గంజి కాగింది కదా అనుకుంటాను.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. ‘అన్నా, మనం క్రియలవల్ల కాదు, కృపచేత రక్షింపబడ్డాం కదా, ఇదంతా ఎందుకు?’ అని. మంచి ప్రశ్నే. ఎఫెసీ 2వ అధ్యాయం 8, 9 వచనాలు మనందరికీ నోటికి వచ్చు. 10వ వచనం కూడా చదవాలి. మనం ఆయన చేసిన పని అని, సత్‌క్రియలు చేయడానికే క్రీస్తులో సృష్టించబడ్డామని అక్కడ ఉంది. ఫ్లాట్ నాది అయ్యాక దాన్ని ఊడవకుండా వదిలేస్తానా? కొనుక్కోవడానికి ఊడవడం లేదు, నాదైంది కాబట్టి ఊడుస్తున్నాను.

కాంట్రాక్టర్ కాబట్టి ఈయన కూలి గురించి మాట్లాడుతున్నాడు, మాది ఉద్యోగం, మాకేం సంబంధం అనుకోకండి. ప్రతి ఇంట్లోనూ కూలి ఉంది. పనమ్మాయి ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, కారు తుడిచే అబ్బాయి ఉన్నాడు. మా ఇంటి సంగతే చెబుతాను. మా వంటింటి కిటికీ దగ్గర ఒక స్టీల్ గ్లాసు విడిగా ఉండేది. అంచు కాస్త నొక్కుకుపోయిన గ్లాసు. పనమ్మాయికి టీ అందులోనే. ఎవరు పెట్టారో తెలియదు, మా అమ్మ కాలం నుంచి అలాగే ఉంది. ఒక రోజు మా చిన్నమ్మాయి దాంతో నీళ్లు తాగుతుంటే నేనే, ‘అది కాదు, వేరేది తీసుకో’ అన్నాను. ‘ఎందుకు నాన్నా?’ అంది. జవాబు చెప్పడానికి నోరు రాలేదు. కులం పేరుతో విడి గ్లాసులు చూసిన కుటుంబం మాది. మా తాతకు ఊరి హోటల్లో బయట చూరులో గ్లాసు ఉండేదని చెప్పి మా నాన్న కన్నీళ్లు పెట్టుకునేవాడు. ఆ గ్లాసు మా ఇంటి కిటికీలోకి ఎలా వచ్చిందో! ఆ సాయంత్రం మా ఇంటావిడ దాన్ని తీసి పాత సామాన్లవాడికి వేసేసింది. ఇప్పుడు అందరికీ ఒకే రాక్‌లోని గ్లాసులు, టీ తాగేటప్పుడు పనమ్మాయికీ ఒక కుర్చీ. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి నిలబడమనే మాట యాకోబు 2లో చదివితే, అది ఎవరో పెద్ద సంఘం గురించి అనుకునేవాణ్ణి.

తమ్ముడితో నాకు భూమి తగాదా ఉంది. కానుక బలిపీఠం దగ్గర వదిలిపెట్టి, వెళ్లి మొదట సహోదరుడితో సమాధానపడు అన్న మాట నన్ను వదలడం లేదు. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఈ వారం వాడి ఇంటికి వెళ్దామనుకుంటున్నాను. ప్రార్థించండి.

యవనస్థులు నన్ను అడుగుతుంటారు, ‘అంకుల్, ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని. పొద్దున్నే వాట్సాప్‌లో వాక్యం పంపుతారు కదా, చాలా మంచిది, నేనూ పంపుతాను. పంపే ముందు ఆ వాక్యానికి రెండు ప్రశ్నలు వేయండి. ఎవరికి? ఎప్పటిలోగా? నా హాజరు పుస్తకం వెనక పేజీల్లో ఇదే రాస్తాను. ‘మీ మాట అవునంటే అవును’ అని చదివిన రోజు, ఫలానా ఆయనకు శుక్రవారం గ్రిల్ బిగిస్తానన్నాను, శుక్రవారం లోపు బిగించాలి అని రాసుకుంటాను. ‘సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు’ అని చదివిన రోజు, పొద్దున సూపర్‌వైజర్‌ని అందరి ముందు తిట్టాను, అందరి ముందే సారీ చెప్పాలి, సాయంత్రం లోపు అని రాస్తాను. మనిషి పేరు, గడువు రాసుకోకపోతే నాకు వాక్యం గాలిలోనే ఉండిపోతుంది. చాలా రోజులు రాసింది చేయలేకపోయాను. చేయనివాటి పక్కన సున్నా చుట్టి, మర్నాడు మళ్లీ రాస్తాను.

చదువుకున్న యవనస్థులతో ఇంకో మనవి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసిన కార్మికులు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. మీకు ఫారం నింపడం తేలిక పని. చదువు రాని మనిషికి అది గోడ. మీ ఇంటి పక్క సైట్‌లో పనిచేసేవాళ్లలో ఒక్కరి పేరు నమోదు చేయించండి. వాళ్లు ఏ మతంవాళ్లో అడగకండి. గాయపడ్డవాణ్ణి ఎత్తుకెళ్లిన సమరయుడు అది అడగలేదు.

టైమ్ ఒంటిగంట అవుతోంది. వెనక షామియానా కింద వంట చేస్తున్నవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చారు. ఏడుగురు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు ఉల్లిపాయలు తరుగుతుంటే నేను వెళ్లి చూశాను. మామూలుగా వాళ్ల డబ్బు కూడిక లెక్కలు తేలాక రెండు మూడు రోజులకు ఇస్తాం. నిన్న రాత్రి సంఘ పెద్దలతో, కోశాధికారి గారితో మాట్లాడాను. ఏడు కవర్లు సిద్ధం చేశారు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే మొత్తం. మనం భోజనానికి కూర్చోక ముందే వాళ్ల చేతికి ఇస్తాం. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు అక్కలు నాతో రండి. మిగతావాళ్లు కళ్లు మూసుకోండి, ప్రార్థన చేద్దాం.